మూడు ఆటలు బయట

మంచి ముక్క పడితే బీరన్న ఎడమ చేతి బొటనవేలు వణికేది. చెడ్డ ముక్క పడినా వణికేది, కాకపోతే ఇంకాస్త ఎక్కువ. ఆ సంగతి లియాఖత్ అలీ సైకిల్ షాపులో చాప మీద కూర్చునే అందరికీ తెలుసు, ఒక్క బీరన్నకు తప్ప. పదమూడు ముక్కలు విప్పి పట్టుకుని, తన ముఖం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరనే ధీమాతో కూర్చునేవాడు పాపం. మిగతా ముగ్గురూ అతని ముఖం వైపు చూసేవాళ్లే కాదు. బొటనవేలు చూసి ఆడుకునేవాళ్లు.

ఇది తొంభై మూడు నాటి మాట. కట్టంగూరు దాటాక హైవే పక్కన, రేకుల కింద ఉండేది ఆ షాపు. ముందు భాగంలో పంక్చర్లు, వెనక భాగంలో రమ్మీ. మధ్యాహ్నం పూట సైకిలెక్కే మనిషి ఉండడు కాబట్టి రెండు గంటల నుంచి ఎండ చల్లబడేదాకా ఆట నడిచేది. పందెం బీడీలు. పైసలు పెట్టి ఆడితే పోలీసుల భయం ఒకటి, భార్య గులాబ్‌బీ ఇంట్లోకి రానివ్వదన్న భయం ఇంకొకటి లియాఖత్‌కు. రెండో భయమే పెద్దది. ముక్కలు చూడగానే బాగాలేవని మూసి కింద పెట్టేస్తే దాన్ని స్కూట్ అంటారు, దానికి రెండు బీడీలు కట్టాలి. నడుమ తప్పుకుంటే నాలుగు. చివరిదాకా ఉండి, ఎవరో ఒకరు ఆట చూపించేసరికి చేతిలో ఏమీ కూడకపోతే అది ఫుల్ కౌంట్, ఎనిమిది బీడీలు.

బీరన్న స్కూట్ చేసేవాడు కాదు. చేయడం అతనికి రాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగినవాడు, గుంతలో పడ్డ పిల్లను వదిలేసి మందను తోలుకొచ్చిన రోజు ఒక్కటి లేదు. అలాంటివాడు పదమూడు ముక్కలను చూసీ చూడకుండా ఎలా వదిలేస్తాడు? ఒక ఎనిమిది, ఒక రాణి, మూలన ఒక దుగ్గి, ఒకదానితో ఒకటి పొంతన లేని ముక్కలు పట్టుకుని, ఇంకొక్కటి పడితే కూడుతుంది, ఇంకొక్కటి పడితే కూడుతుంది అని చివరిదాకా పాకులాడేవాడు. ఎనిమిది బీడీలు కట్టేవాడు. కట్టి, ఆ కోపంలో తరువాతి ఆట ఇంకా గుడ్డిగా ఆడేవాడు. వారంలో మూడు కట్టలు పోగొట్టుకున్నాడు ఒకసారి.

ఆ వారమే లియాఖత్ అతన్ని ఆట అయ్యాక ఆగమన్నాడు. లియాఖత్‌కు యాభై దాటాయి, మాట తక్కువ, గాలి కొట్టే పంపు మీద చేయి వేసి నిలబడి మాట్లాడే అలవాటు. ఇవాళ ఓడిన ఆటల్లో ఏ ముక్క కోసం ఎదురుచూశావో గుర్తుందా అని అడిగాడు. బీరన్న గడగడా అప్పజెప్పాడు. మొదటి ఆటలో ఇస్పేటు తొమ్మిది, రెండోదాంట్లో ఆఠీను జాకీ, మూడోదాంట్లో జోకరైనా సరే అనుకున్నాడు. మరి నేను కింద పడేసిన ముక్కలేవో గుర్తున్నాయా అని అడిగాడు లియాఖత్. బీరన్న వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాడు. ఒక్కటీ గుర్తులేదు.

"నువ్వు ఎదురుచూసిన ఇస్పేటు తొమ్మిది రెండూ ఎప్పుడో కింద పడ్డయి బీరన్నా. ఒకటి నేనే ఏసిన. నీకు గావాల్సింది నువ్వు చూస్తున్నవు గని, ఉన్నది చూస్తలేవు," అన్నాడు లియాఖత్.

ఆ మాట బీరన్నకు చురుక్కున తగిలింది. రెండు పేకలు కలిపి ఆడే ఆటలో ఒక్కో ముక్క రెండేసి ఉంటుంది, ఆ రెండూ పోయాక ఇక మూడోది ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత చిన్న లెక్క ఇన్నాళ్లూ తన బుర్రకు తట్టనందుకు సిగ్గుపడ్డాడు. మరునాటి నుంచి కింద పడే ముక్కలు చూడటం మొదలుపెట్టాడు. మొదట తల నొప్పి పుట్టింది. నాలుగు రోజులకు మంద లెక్కపెట్టినట్టే అలవాటైపోయింది.

ఆ రోజుల్లోనే లియాఖత్ రెండు పట్టింపులు పెట్టాడు, అవి షాపుకొచ్చిన వాళ్లంతా పాటించాల్సిందే. స్కూట్ చేసినవాడు పేక ఎత్తి, తనకు రాబోయిన ముక్క ఏదో తొంగి చూడకూడదు. పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరైన కృష్ణయ్య ఒకసారి చాటుగా ఎత్తి చూసి, అది తనకు కావలసిన ముక్కే అవడంతో, సాయంత్రం దాకా అందరికీ అదే చెప్పి ఏడ్చాడు. మంచిగా తప్పుకున్నవాడివి, చూసి చెడిపోయావు అన్నాడు లియాఖత్. రెండో పట్టింపు ఇంకా కఠినం. ఫుల్ కౌంట్ కట్టినవాడు లేచి, మూలనున్న కుండలో నీళ్లతో ముఖం కడుక్కుని, మూడు ఆటలు బయట కూర్చోవాలి. బతిమిలాడినా కుదరదు. ఓడిన వేడి మీద పంచిన ముక్కలు రాజులు రాణులు అయినా గొర్రె పెంటికల్లా కనబడతాయని, గొర్రె పెంటికలు రాజుల్లా కనబడతాయని లియాఖత్ వాదన.

మూడు నెలలు గడిచేసరికి బీరన్న ఆట మారింది. నాలుగింట మూడు ఆటలు చూడగానే మూసి పెట్టేవాడు, రెండు బీడీలు నవ్వుతూ పారేసేవాడు. ఆడిన ఆ ఒక్కటీ గెలిచేవాడు. రోజుకు రెండు బీడీలు మించి తాగని మనిషి, గెలిచినవాటిని ఇంటి చూరులో దోపి పెట్టేవాడు. భార్య అండాలుకు మాత్రం, లియాఖత్ భాయ్ దగ్గర రేడియో వార్తలు వినడానికి పోతున్నానని చెప్పేవాడు. అండాలుకు పేకాట పేరెత్తితే గిట్టదు. ఆమె తమ్ముడు ఆ పిచ్చిలోనే ఊరు విడిచి పోయాడు.

అండాలుకు కావలసింది ఒక్కటే, నీళ్లు. ఆమె పుట్టిల్లు మూసీ కాలువ కింద. పొలం గట్టు మీద నడిస్తే పాదాలు తడిసే ఊరు. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లయింది. వానే ఆధారమైన నాలుగెకరాల ఖుష్కి భూమిలో ఆముదాలు, జొన్నలు తప్ప వేరే ఏదీ మొలవలేదు. కొనుక్కున్న బియ్యమే తప్ప, తన చేనులో పండిన మెతుకు ఒక్కరోజూ తినలేదు. ఆ మాట పైకి అనేది కాదు కానీ, అన్నం వడ్డించేటప్పుడు ఆమె చేయి చూస్తే బీరన్నకు తెలిసిపోయేది.

అందుకే ఏప్రిల్‌లో బోరు వేయించాడు. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టుకుని చేనంతా తిరిగిన పెద్దమనిషి ఒకచోట ఆగాడు, అక్కడే బోరు బండి పెట్టారు. పైసలు ఎక్కడివి, మందలోంచి తీయాల్సిందే. లెక్క తేలికే. ఒక గొర్రె ఖరీదు పది అడుగులు. ఒక రాడ్ ఇరవై అడుగులు, అంటే రెండు గొర్రెలు. మందలో నలభై నాలుగు ఉన్నాయి. ఆ మంద తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. పిల్లల బడి, వానలు కురవని ఏడు తిండి, దవాఖాన ఖర్చు, అన్నీ ఆ గొర్రెల మీదే.

పన్నెండు రాడ్లు దిగాయి. రెండు వందల నలభై అడుగులు. పైకి లేస్తున్నది బూడిద రంగు దుమ్ము, అంతే. చుట్టూ చేరిన జనం ఇంకొక్క రాడ్, ఇంకొక్క రాడ్ అంటున్నారు. చెమ్మ వాసన వస్తున్నదని ఒకడు, రాయి రంగు మారిందని ఇంకొకడు. చేయి కాలేది వాళ్లది కాదు కదా, ఎంతైనా చెబుతారు. బోరు బండి ఏజెంటు వచ్చి, ఏం చేద్దామన్నట్టు బీరన్న ముఖంలోకి చూశాడు. జనంలో లియాఖత్ కూడా ఉన్నాడు. పక్కవాడి ముక్కల గురించి నోరు విప్పని మనిషి, అక్కడా విప్పలేదు. బీరన్న తల దించుకున్నాడు. అప్పుడు కనబడింది అతనికి, తన బొటనవేలు. గజగజ వణుకుతున్నది. నలభై ఏళ్లలో మొదటిసారి చూసుకున్నాడు దాన్ని.

"ఆపుండ్రి," అన్నాడు.

బోరు మీద బండ మూశారు.  అండాలు పది రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. బీరన్నకు మాత్రం లోలోపల గర్వంగా ఉండేది. ఇరవై నాలుగు పోయాయి, నిజమే, కానీ ఇరవై మిగిలాయి. బీడీల దగ్గర నేర్చుకున్నది బతుకు దగ్గర పనికొచ్చిందని పొంగిపోయాడు. ఆ పొంగులో ఒక సంగతి మరిచాడు. తనెందుకు ఆపాడో అండాలుకు చెప్పలేదు. చెప్పాలంటే సైకిల్ షాపు, చాప, పేక, అన్నీ చెప్పాలి. అక్కడ ఆగిపోయాడు.

నెల తిరక్కముందే అతని చేను పక్కనే ఐలేశం బోరు వేయించాడు. ఐలేశం కూడా ఆ చాప మీద కూర్చునేవాడే, బీరన్నను మామా అని పిలిచేవాడు, నోటి దురుసు ఉన్నా మనసులో కల్మషం లేనివాడు. గట్టుకు అటు నలభై అడుగుల దూరంలో బండి పెట్టాడు. రెండు వందల నలభై దాకా దుమ్మే. రెండు వందల అరవై, దుమ్మే. రెండు వందల ఎనభై దగ్గర దుమ్ము ఆగి, బురద చిమ్మి, ఆ వెనకే నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

ఊరు ఊరంతా ఉరికింది. పిల్లలు ఆ నీళ్లలో దొర్లారు. ఎవరో బీరన్న భుజం తట్టి, ఇంకో రెండు రాడ్లు దించి ఉంటే నీకే పడేవి గదా అన్నారు. ఇంకెవరో అదే మాట అన్నారు. సాయంత్రానికి ఆ మాట కనీసం ఇరవై మంది నోట విన్నాడు. ఐలేశమే వచ్చి, తాగడానికి ఎన్ని నీళ్లయినా పట్టుకుపోండి మామా అని మనస్ఫూర్తిగా చెప్పాడు. అండాలు బిందె తీసుకుని పోయింది. బోరు నుంచి పారుతున్న నీళ్లలో చేయి పెట్టి చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు బిందె ఖాళీగా ఉంది. నింపడం మరిచిపోయింది. ఆ ఖాళీ బిందె చూశాక బీరన్నకు ముద్ద దిగలేదు.

మరునాడు పొద్దున్నే ఏజెంటు ఇంటికొచ్చాడు. బండి ఇవాళ సాయంత్రం దాకే ఈ ఊళ్లో ఉంటుంది, తర్వాత నకిరేకల్ దిక్కు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేను అన్నాడు. పాత బోరు లోపల కూలి పూడిపోయి ఉంటుంది, అందులో ఇక రాడ్ దిగదు, గట్టుకు ఇటు పక్కన కొత్తది పెడితే ఐలేశం నీళ్ల దారే తగులుతుంది, ఇంకా పైనే, తక్కువ లోతులోనే పడొచ్చు అన్నాడు. నగదు అక్కర్లేదు, రాడ్‌కు రెండు గొర్రెలు చొప్పున తానే తీసుకుంటానన్నాడు. అండాలు బీరన్న ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో ఆశ, దాని వెనక భయం, రెండూ కనబడ్డాయి.

బీరన్నకు అవుననాలని ఉంది. అప్పటికప్పుడు చేతిలోని చెంబు కింద పెట్టి పోయి బండి ముందు నిలబడాలని ఉంది. కానీ వేలు వణుకుతున్నది, వణుకుతున్నప్పుడు నోరు తెరవకూడదని తెలుసు. సాయంత్రం చెబుతానని ఏజెంటును పంపేశాడు. ఏం చేద్దామని అండాలు అడిగితే చూద్దామన్నాడు. రెండు గంటలు కాగానే తువ్వాలు భుజాన వేసుకుని సైకిల్ షాపుకు నడిచాడు. వద్దు అని చెప్పలేదు, సరే అనీ చెప్పలేదు. ముక్కలు తెరిచి చాప మీద పెట్టి, ఆట మధ్యలో లేచిపోయినట్టు పోయాడు.

షాపులో ఐలేశం లేడు, మోటారు బిగించే పనిలో ఉన్నాడు. అతని చోట టైరు బాగు చేయించుకుంటున్న లారీ డ్రైవరు కూర్చున్నాడు. బీరన్న ముక్కలు పట్టుకున్నాడు కానీ కళ్ల ముందు తాటిచెట్టంత నీళ్లే. మొదటి ఆటలో వరుసగా మూడు కూడే ఆశ కూడా లేని ముక్కలతో చివరిదాకా ఉండి ఎనిమిది బీడీలు కట్టాడు. డ్రైవరు టైరు సంగతి చూడటానికి లియాఖత్ ముందు భాగంలోకి పోయిన సందులో, ఇంకొక్క ఆట అని లేవలేదు. రెండో ఆటలోనూ అంతే. డ్రైవరు నవ్వాడు. తిరిగొచ్చిన లియాఖత్ నవ్వలేదు. పేక పక్కన పెట్టి, కుండ వైపు చూపించాడు.

"లే బీరన్నా. మొకం కడుక్కో. మూడు ఆటలు బయట."

బీరన్నకు ఒళ్లు మండింది. చంటిపిల్లాడా తను? అయినా లేచాడు, అలవాటు అలాంటిది. కుండనీళ్లు ముఖాన కొట్టుకుని పాత టైర్ల మీద కూర్చున్నాడు.

మొదటి ఆట నడుస్తున్నంతసేపూ ఐలేశం మీద కుళ్లుకున్నాడు. మంచివాడని తెలిసీ కుళ్లుకున్నాడు. రెండు రాడ్లు, నాలుగు గొర్రెలు, అంతే కదా దూరం. ఆ రోజు నాలుగు గొర్రెలకు వెనకాడి అండాలు జన్మంతా ఎండబెట్టాను అనుకున్నాడు. 

రెండో ఆట వచ్చేసరికి ఊపిరి కాస్త నెమ్మదించింది. డ్రైవరు చేతిలోంచి పడుతున్న ముక్కలు కళ్లకు ఆనడం మొదలైంది. కళావరు ఏడు పడింది, మళ్లీ కళావరు ఏడే పడింది. ఇక ఆ ముక్క లేదు అనుకున్నాడు, తన ప్రమేయం లేకుండానే.

మూడో ఆటలో లెక్క దానంతటదే వచ్చి ముందు నిలబడింది. నీళ్లు పడ్డది ఎక్కడ? రెండు వందల ఎనభైలో. మంద ఎంత? ఇరవై. ఇరవై గొర్రెలు అంటే రెండు వందల అడుగులు. రెండు వందల నలభై దాకా దుమ్మేనని తన బోరూ చెప్పింది, ఐలేశం బోరూ చెప్పింది. మందలో ఆఖరి గొర్రె కూడా పోయాక ఇంకా ఎనభై అడుగులు మిగిలే ఉంటాయి. తను ఎదురుచూస్తున్న ముక్క పేకలోనే లేదు. పొద్దున్న ఏజెంటు మాట్లాడుతున్నప్పుడు ఈ లెక్క తనకెందుకు తట్టలేదు? తట్టదు. అప్పుడు నీళ్లు కనబడ్డాయి, గొర్రెలు కనబడలేదు.

వద్దని చెప్పేద్దామని లేచాడు. అప్పుడే వినబడింది. దూరంగా, చేన్ల మీదుగా, బోరు బండి మోత. ఐలేశం ఇంకోటి వేయిస్తున్నాడా అన్నాడు కృష్ణయ్య. ఐలేశం ఎందుకు వేయిస్తాడు? వాడికి పడ్డాయి కదా. మోత వస్తున్నది తమ చేను వైపు నుంచి. 

బయట బాగు చేయడానికి పెట్టిన సైకిల్ ఎవరిదో, బీరన్న లియాఖత్‌ను అడక్కుండా ఎక్కేశాడు. దానికి బ్రేకులు ఇంకా బిగించలేదని లియాఖత్ వెనక నుంచి అరిచినా ఆగలేదు. ఎంత సేపైంది మొదలుపెట్టి? ఎన్ని రాడ్లు దిగి ఉంటాయి? తొక్కుతున్నంతసేపూ రెండు, నాలుగు, ఆరు అని లెక్క పెరుగుతూనే ఉంది. బండ్ల బాటలో ఒకసారి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది, మళ్లీ ఎక్కాడు.

గట్టు పక్కన బూడిద రంగు దుమ్ము లేస్తున్నది. దాని కింద, తుమ్మ నీడలో, అండాలు గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు ఒక మోకు అడ్డంగా కట్టి ఉంది. మోకుకు ఇవతల పది గొర్రెలు. అవతల, ఏజెంటు తెచ్చిన లారీ పక్కన, పది. ఐదు రాడ్లు దిగాయన్న మాట. పాలు తాగే పిల్లలు మూడు మోకు ఇవతల నిలబడి, అవతలి తల్లుల కోసం అరుస్తున్నాయి. బండివాళ్లు ఆరో రాడ్ ఎత్తి పట్టుకున్నారు.

బీరన్న సైకిల్ పడేసి ఆమె దగ్గరకు పోయాడు. తిట్టాలని నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆమె చేతులు కనబడ్డాయి. కొంగు అంచును వేళ్లకు చుడుతూ విప్పుతూ ఉంది, బొటనవేలు ఆగకుండా కొట్టుకుంటున్నది. అతను వచ్చింది కూడా ఆమెకు తెలియలేదు. కళ్లు ఆ దుమ్ము మీదే ఉన్నాయి. ఆ చూపు అతనికి కొత్త కాదు. పొద్దున్న, నిన్న, మూడు నెలల కిందటి దాకా ప్రతి మధ్యాహ్నం, అది తన చూపే. తిట్టు గొంతులోనే పోయింది.

బిందెలో నీళ్లున్నాయి, ఐలేశం బోరువి. తువ్వాలు ముంచి, ఆమె ముఖం తుడిచాడు. ఇంత మంది చూస్తుండగా భర్త ముఖం తుడవడం ఏమిటని ఆమె ఉలిక్కిపడి చూసింది.

"సాయంత్రం దాక ఆగుతదా బండి? నువ్వేమో ఏం జెప్పకుండ పోతివి," అంది. 

అతను పక్కన కూర్చుని లెక్క చెప్పాడు. మిగిలినవి పది, అంటే ఇంకో వంద అడుగులు, దిగినవి కలిపితే రెండు వందలు, నీళ్లు పడ్డది రెండు వందల ఎనభైలో. ఒక్కో అంకె నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

"పైననే పడొచ్చు గద," అంది అండాలు.

"పడొచ్చు," అన్నాడు బీరన్న. అబద్ధం ఆడలేకపోయాడు.

"మరి?"

"పడుతదో లేదో తెల్వకుండనే లేవాలె. లేసి, మూడు ఆటలు బయట కూసోవాలె. అప్పుడు గాని కండ్లకు ఏది కనవడది."

ఏం ఆటలని అడిగింది. ఇక దాచేదేముంది, చెప్పేశాడు. సైకిల్ షాపు, చాప, రమ్మీ, స్కూట్, కుండనీళ్లు, అన్నీ. రేడియో లేదు, వార్తలు లేవు అని కూడా చెప్పాడు. ఏజెంటు రెండు అడుగుల దూరంలో నిలబడి వింటున్నాడన్న ధ్యాస కూడా లేదు.

"నాకు ఎరుకే. చూరు నిండ బీడీలు ఎవ్వలియి అనుకోవాలె? వార్తలు ఇన్నోనికి బీడీలు ఇస్తరా?" అంది ఆమె. ఒక్క క్షణం ఆమె పెదవి మీద నవ్వు లాంటిది కదిలింది. తర్వాత అది పోయింది. "మూడు నెలల సంది నీకు గింత తెల్వంగ, నాకొక్క మాట జెప్పకపోతివి. బోరు ఆపిన నాడు జెప్పకపోతివి. పొద్దుగాల వాడు ఇంటికొచ్చినప్పుడు జెప్పకపోతివి. నేనేం జెయ్యాలె ఒక్కదాన్ని? నాకు నీళ్లు తప్ప ఏం కనవడలె."

 ఎనిమిది బీడీలు ఓడినప్పుడల్లా తనను లేపి కూర్చోబెట్టడానికి లియాఖత్ ఉన్నాడు. పద్నాలుగేళ్లుగా ఎండిన నేల చూస్తూ, నిన్నంతా ఊరి మాటలు వింటూ, ఇవాళ బండి మోత ముందు ఒంటరిగా కూర్చున్న ఈమెకు ఎవరున్నారు? తను ఉండాల్సింది. తను టైర్ల మీద కూర్చుని తన ఒక్కడి వేడి చల్లార్చుకున్నాడు. చూపంతా తన బొటనవేలు మీదే పెట్టుకున్నాడు, పొద్దున్న ఆమె చేతుల వంక చూడనేలేదు. పోయిన పది గొర్రెలు ఆమె పోగొట్టినవి కావని అతనికి అప్పుడు బాగా అర్థమైంది.

ఏజెంటు దగ్గరకు వచ్చి, రాడ్ దించమంటారా అని బీరన్నను అడిగాడు. బీరన్న అండాలు వైపు చూశాడు, ఆమెనే అడగమన్నట్టు.  ఎత్తి పట్టుకున్న రాడ్ కింద బండివాళ్లు చెమటలు కక్కుతూ నిలబడ్డారు. మోకు ఇవతల పిల్ల ఒకటి అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఊరుకుంది. అండాలు కొంగు వేళ్ల నుంచి విప్పి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఆపుండ్రి," అంది.

లారీ కదిలేటప్పుడు, ఆ పిల్లలు మూడూ తల్లులు లేకుండా బతకవు, వాటిని కూడా ఎక్కించుకోమన్నాడు ఏజెంటు. అండాలు ఒప్పుకోలేదు. తానే సాకుతానంది. ఒకదాన్ని చంకన పెట్టుకుంది, రెండోదాన్ని బీరన్నకు ఇచ్చింది, మూడోది మందలో కలిసిపోయింది. పది గొర్రెలు, మూడు పిల్లలు ఇంటి దారి పట్టాయి. మోకాలు నొప్పికి బీరన్న కుంటుతున్నాడు.

నడుస్తూ ఆమె అడగడం మొదలుపెట్టింది. స్కూట్‌కు ఎన్ని బీడీలు? నడుమ లేస్తే ఎన్ని? లేచినాక పేక ఎత్తి చూడొద్దని ఎందుకు అంటాడు ఆ భాయ్? అతను ఒక్కోటీ చెబుతూ నడిచాడు, మూడు నెలల కిందట చెప్పాల్సినవన్నీ. బాట మలుపు తిరిగేచోట చేను ఆఖరిసారి కనబడుతుంది. కొత్త బోరు మీద బండ మూసి ఉంది, దాని చుట్టూ బూడిద రంగు దుమ్ము. అండాలు అటు చూడలేదు. తల తిప్పి చూసింది బీరన్నే, చూసి సిగ్గుపడి, చంకలోని పిల్లను సర్దుకుని ఆమె వెనక నడిచాడు.